రొయ్యల గుంట గట్టు మీది పెట్టె, దాని బిల్డ్ ఇమేజ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది చిన్న ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టు. నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద ఒక రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్) పెట్టెలో మా ప్రోగ్రామ్ ఆడుతూ ఉంటుంది. డీఓ మీటరు (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) నుంచి రీడింగు తీసుకుంటుంది, రాసి పెట్టుకుంటుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందికి దిగితే ఏరియేటర్లు (నీటిలోకి గాలి చేర్చే యంత్రాలు) వెయ్యమని రైతు ఫోన్‌కి మెసేజ్ కొడుతుంది. రాసేవాళ్లం నలుగురైదుగురం. నెల్లూరులో ఇద్దరం, కావలిలో ఒకరు, మిగిలినవాళ్లు ఒంగోలు వైపు చదువుకునే పిల్లలు.

ప్రోగ్రామ్‌తో పాటు దాన్ని బిల్డ్ చేసే (సోర్స్ కోడ్ నుంచి ఆడే ఫైల్, అంటే బైనరీ, తయారుచేసే) కంటైనర్ ఇమేజ్‌ని కూడా మేం పబ్లిష్ చేస్తున్నాం. కంటైనర్ ఇమేజ్ అంటే కావలసిన సాఫ్ట్‌వేరంతా కలిపి కట్టిన మూట, దాన్ని ఆడిస్తే అది కంటైనర్. ప్రోగ్రామ్ గురించి కంటే ఈ ఇమేజ్ గురించే ఎక్కువ ప్రశ్నలు వస్తున్నాయి. అడిగినవాళ్లకల్లా విడివిడిగా చెప్పడం కుదరక ఇక్కడ ఒక్కచోట రాస్తున్నాం.

బిల్డ్ ఇమేజ్ అంటే ఏమిటి? మీ ప్రోగ్రామ్ అందులోనే ఉంటుందా?

ఉండదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. కంటైనర్లు ఆడించే టూల్ పేరు డాకర్. డాకర్ ఇమేజ్ అనగానే డౌన్‌లోడ్ చేసి ఆడించే సర్వరో, డేటాబేసో అనుకుంటారు. బిల్డ్ ఇమేజ్‌లో ఉండేది పనిముట్లు మాత్రమే: కంపైలర్, సీమేక్, మాకు కావలసిన లైబ్రరీల హెడర్లు, టెస్టులు ఆడించడానికి కావలసినవి. సోర్స్ కోడ్ మీ ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది. కంటైనర్ మొదలయ్యేటప్పుడు ఆ ఫోల్డర్‌ని లోపలికి మౌంట్ చేస్తారు, లోపలి కంపైలర్ దాన్ని బిల్డ్ చేస్తుంది, తయారైన బైనరీ మళ్లీ మీ ఫోల్డర్‌లోనే పడుతుంది. పని అయిపోగానే కంటైనర్ పోతుంది.

ఇంత చిన్న ప్రాజెక్టుకి ఇదంతా అవసరమా?

మొదట్లో మేమూ అవసరం లేదనే అనుకున్నాం. రీడ్‌మీలో ఫలానా ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసుకోండి అని ఆరు లైన్లు రాసి పెట్టాం, సరిపోయింది కూడా.

తర్వాత ఒంగోలు కుర్రాడొకడు ఒక బగ్ సరిచేసి, తన ల్యాప్‌టాప్‌లోనే రాస్ప్‌బెర్రీ పై కోసం క్రాస్ కంపైల్ చేసి (ఒక రకం మెషిన్‌లో కూర్చుని ఇంకో రకం మెషిన్‌కి బిల్డ్ చేసి) బైనరీ పంపాడు. దాన్ని గట్టు మీది పెట్టెలో వేస్తే మొదలవనే లేదు. ‘గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు’ అని ఒకే ఒక్క లైను. గ్లిబ్‌సీ అంటే చాలా లైనక్స్‌లలో ప్రోగ్రాములు ఆధారపడే సీ లైబ్రరీ. ఫోన్ చేస్తే, “అన్నా, నా దగ్గర బాగానే ఆడతా ఉందే!” అన్నాడు. అబద్ధమేమీ కాదు. అతని ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04, అందులో గ్లిబ్‌సీ 2.35. పెట్టెలో ఉన్నది డెబియన్ 11 నాటి సిస్టమ్, అందులో గ్లిబ్‌సీ 2.31.

తమాషా ఏమిటంటే అతను కొత్త ఫంక్షన్ ఏదీ వాడలేదు. ప్రోగ్రామ్ మొదలయ్యే తొలి అడుగు, మెయిన్‌ని పిలిచే ఫంక్షన్, గ్లిబ్‌సీ 2.34లో కొత్త వెర్షన్ గుర్తు తగిలించుకుంది. అందుకని 2.34 గానీ ఆ పైది గానీ ఉన్న సిస్టమ్‌లో హలో వరల్డ్ బిల్డ్ చేసినా సరే, పాత సిస్టమ్ మీద అది ఆడదు. పాతదాని మీద బిల్డ్ చేసినది కొత్తదాని మీద ఆడుతుంది. కొత్తదాని మీద చేసినది పాతదాని మీద ఆడదు. ఒక రాత్రంతా కోడ్‌లో తప్పు వెతికాక మాకు తెలిసిన సంగతి ఇది. మర్నాడే ఇమేజ్ పని మొదలుపెట్టాం.

డాకర్‌ఫైల్ ఇస్తే చాలదా? ఇమేజ్‌ని కూడా ఎందుకు పబ్లిష్ చేయడం?

ఈ పేజీ మొత్తంలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

డాకర్‌ఫైల్ అంటే ఇమేజ్ ఎలా కట్టాలో చెప్పే ఫైల్. అందులో రాసి ఉండేది ‘ఈ ప్యాకేజీలు తెచ్చి పెట్టు’ అనే మాట. ఎక్కడి నుంచి, ఏ రోజువి అన్నది అందులో ఉండదు. ఇవాళ ఆడిస్తే ఇవాళ్టి ప్యాకేజీలు వస్తాయి, ఆరు నెలల తర్వాత ఆడిస్తే అప్పటివి వస్తాయి. ఒక్కోసారి అసలేమీ రావు. సెంట్‌ఓఎస్ 7 అనే లైనక్స్‌కి 2024 జూన్ 30తో గడువు తీరింది. ఆ వెంటనే దాని మిర్రర్ జాబితా సర్వర్ పలకడం మానేసింది, ప్యాకేజీలు వాల్ట్ అనే పాత సామాన్ల గదికి పోయాయి. డాకర్‌ఫైల్ ఒక్కటే ఉన్నవాళ్ల బిల్డులు, ప్యాకేజీలు తెచ్చే యమ్ లైను దగ్గర ఆగిపోయాయి. తయారైన ఇమేజ్‌ని రిజిస్ట్రీలో (ఇమేజ్‌లు దాచే సర్వర్‌లో) పెట్టుకున్నవాళ్లకి మాత్రం అంతా మామూలుగానే నడిచింది, ఎందుకంటే ఆ ప్యాకేజీలు అప్పటికే ఇమేజ్ లోపల ఉన్నాయి. డెబియన్ 10 ఆర్కైవ్‌కి వెళ్లినప్పుడూ ఇదే కథ.

అందుకని రెండూ ఇస్తాం. డాకర్‌ఫైల్ చదివి తెలుసుకోవడానికి, ఇమేజ్ వాడుకోవడానికి.

బేస్‌గా ఏ డిస్ట్రో (లైనక్స్ రకం) తీసుకోవాలి?

మీ ప్రోగ్రామ్ ఆడాల్సిన మెషిన్లలో అన్నిటికంటే పాతది ఏదో చూడండి, అదే మీ బేస్. మా విషయంలో డెబియన్ 11 బుల్స్‌ఐ. కొత్త సీ++ కావాలనుకుంటే పాత గ్లిబ్‌సీ మీదే కొత్త జీసీసీ కంపైలర్ పెట్టుకోవచ్చు, అందులో విడ్డూరమేమీ లేదు. పైథాన్ వాళ్ల మెనీలైనక్స్ ఇమేజ్‌లు ఏళ్ల తరబడి చేస్తున్నది అదే. మొదటి మెనీలైనక్స్ సెంట్‌ఓఎస్ 5 మీద, గ్లిబ్‌సీ 2.5తో వచ్చింది. మెనీలైనక్స్2014 సెంట్‌ఓఎస్ 7 మీద, గ్లిబ్‌సీ 2.17తో. ఇప్పుడు వాడుకలో ఉన్న 2_28 రకం ఆల్మాలైనక్స్ 8 మీద. పిప్ ఇన్‌స్టాల్ అనగానే నంపై లాంటి పైథాన్ లైబ్రరీలు ఎవరి లైనక్స్‌లోనైనా కంపైలర్ అవసరం లేకుండా దిగిపోతున్నాయంటే, వెనక ఈ ఇమేజ్‌లు ఉండబట్టే. బిల్డ్ ఇమేజ్ ఎలా నడపాలో నేర్చుకోవాలంటే నన్నడిగితే ముందు వాళ్ల డాకర్‌ఫైళ్లు చదవమంటాను.

ఆల్పైన్ అనే డిస్ట్రో చిన్నగా, ముద్దుగా ఉంటుందని అందరూ దానివైపు చూస్తారు. అందులో ఉండేది గ్లిబ్‌సీ కాదు, మజల్ అనే వేరే సీ లైబ్రరీ. అక్కడ మామూలుగా బిల్డ్ చేసినది డెబియన్‌లో ఆడదు. పూర్తిగా స్టాటిక్‌గా లింక్ చేస్తే (లైబ్రరీలన్నీ బైనరీలోనే కలిపేస్తే) ఆడుతుంది, అలా చేయగలిగితే మంచిదే. మా లైబ్రరీల్లో ఒకటి దానికి ఒప్పుకోలేదు.

డాకరా, పాడ్‌మ్యానా?

పాడ్‌మ్యాన్ కూడా డాకర్ లాంటి టూలే, ఏదైనా పర్వాలేదు. 2015లో మొదలైన ఓసీఐ అనే ఉమ్మడి వేదిక పుణ్యాన ఇమేజ్ ఫార్మాట్‌కి 2017 నుంచి ఒక ఉమ్మడి ప్రమాణం ఉంది. ఒకదానితో చేసినది రెండోదానిలో ఆడుతుంది. నేను పాడ్‌మ్యాన్ వాడతాను, కావలి ఆయన డాకర్ వాడతాడు.

బిల్డ్ అయ్యాక ఫైళ్లన్నీ రూట్ పేరు మీద ఉన్నాయి, డిలీట్ కూడా కావడం లేదు. ఏం చేయాలి?

మాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే.

లైనక్స్‌లో డాకర్‌తో మామూలుగా ఆడిస్తే కంటైనర్‌లోని రూట్ (సర్వాధికారాలున్న యూజర్), మీ ల్యాప్‌టాప్‌లోని రూట్ ఒక్కరే. మౌంట్ చేసిన ఫోల్డర్‌లో లోపలివాడు ఏం రాసినా అది రూట్ సొత్తు. తర్వాత మీరు క్లీన్ కొడితే ‘పర్మిషన్ డినైడ్’. సుడో పెట్టి తీసేయొచ్చు, కానీ రోజూ అదే పని.

ఆడించేటప్పుడు యూజర్ ఆప్షన్‌తో మీ యూజర్ నంబరు, గ్రూపు నంబరు ఇవ్వండి. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఆ నంబరు గల మనిషి ఇమేజ్ లోపల ఎవరూ లేరు కాబట్టి అతనికి ఇల్లు లేదు, హోమ్ కాస్తా అన్నిటికంటే పై డైరెక్టరీ (/) అయి కూర్చుంటుంది. క్యాష్ రాసుకునే టూల్స్ అక్కడ రాయలేక చతికిలబడతాయి. అందుకని హోమ్ వేరియబుల్‌ని టెంప్ ఫోల్డర్‌కి మార్చండి. మా ఇమేజ్‌లో ఇది ముందే మార్చి పెట్టాం.

రూట్‌లెస్ పాడ్‌మ్యాన్‌లో (రూట్ అధికారం లేకుండా మామూలు యూజర్‌గా ఆడించేదానిలో) ఈ గొడవ లేదు. లోపలి రూట్ బయట మీరే. అందులో యూజర్ ఆప్షన్ ఇస్తేనే పని చెడుతుంది, ఇవ్వకండి. ఫెడోరా వాళ్లు మౌంట్ చివర పెద్ద జెడ్ పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఎస్‌ఈలైనక్స్ అనే కాపలావాడు లోపలికి రానివ్వదు.

గిట్ ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ అని అరిస్తే అదీ ఈ బాపతే. 2022 ఏప్రిల్ నుంచి గిట్, ఇంకొకరి పేరు మీదున్న రెపోని ముట్టుకోవడానికి ఒప్పుకోవడం లేదు. యూజర్ నంబర్లు సరిచేస్తే దానంతటదే సర్దుకుంటుంది.

లేటెస్ట్ అనే ట్యాగ్ ఎందుకు పెట్టలేదు?

మార్కాపురం పలక తెలుసు కదా. ట్యాగ్ అంటే పలక మీద బలపంతో రాసిన పేరు. ఎప్పుడైనా తుడిచి ఇంకోటి రాయొచ్చు. లేటెస్ట్ మరీ మోసం. పేరుకి సరికొత్తది అని అర్థం వస్తుంది గానీ, ట్యాగ్ ఇవ్వకపోతే డాకర్ తనంతట తాను తగిలించే పేరు తప్ప అందులో విశేషమేమీ లేదు. ఇవాళ లేటెస్ట్‌తో బిల్డ్ అయిన మీ కోడ్ వచ్చే వారం అవ్వకపోతే, మారింది కోడా, ఇమేజా అని తేల్చుకోలేరు.

మేం బేస్ పేరు, దాని పక్కన సంవత్సరం, నెల పెడతాం. ఒకసారి పుష్ చేసిన (రిజిస్ట్రీకి ఎక్కించిన) ట్యాగ్ మీద మళ్లీ పుష్ చేయం. అక్షరం తప్పు పడినా సరే, కొత్త ట్యాగే. అయినా మా మాట మీద నమ్మకం పెట్టుకోనక్కర్లేదు. మీ సీఐ (కోడ్‌ని దానంతటదే బిల్డ్, టెస్టు చేసే వ్యవస్థ) ఫైల్‌లో ట్యాగ్ బదులు డైజెస్ట్ రాసుకోండి. షా256 అని మొదలై 64 అక్షరాలుండే ఆ పొడుగాటిదే. అది ఇమేజ్‌లో ఉన్నదాన్నిబట్టి లెక్కకట్టిన సంఖ్య. లోపల ఒక్క బైటు మారినా అది మారిపోతుంది, తుడిచి రాయడానికి పలక కాదు.

ఒక జాగ్రత్త. మా ఇమేజ్ ఒకే పేరు కింద ఇంటెల్ చిప్‌కి ఒకటి, రాస్ప్‌బెర్రీ పైలో ఉండే ఆర్మ్ చిప్‌కి ఒకటి ఉంటుంది. రెండిటికీ వేరువేరు డైజెస్ట్‌లు, రెండిటినీ కలిపే జాబితాకి మరొకటి. ఇంటెల్ డైజెస్ట్ కాపీ చేసుకుని ఆర్మ్ మెషిన్‌లో ఆడిస్తే ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’ వస్తుంది. రిలీజ్ నోట్స్‌లో మేం ఇచ్చేది జాబితా డైజెస్ట్, అదే వాడండి.

రాస్ప్‌బెర్రీ పైలోనే బిల్డ్ చేయొచ్చు కదా? క్రాస్ కంపైలర్ ఎందుకు?

చేయొచ్చు, టీ తాగి రావచ్చు కూడా. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లో క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ పెట్టి ఆర్మ్ ఇమేజ్‌నే ఆడించడం ఇంకో దారి. సెటప్ తేలిక, కానీ ప్రతి ఇన్‌స్ట్రక్షన్‌నీ అనువదించుకుంటూ నడుస్తుంది కాబట్టి కంపైలింగ్ నత్తనడక. మేం ఇంటెల్ ఇమేజ్‌లో ఆర్మ్ క్రాస్ కంపైలర్ పెట్టి బిల్డ్ చేస్తాం, టెస్టులు మాత్రం క్యూఈఎంయూలో ఆడిస్తాం.

ఏ రిజిస్ట్రీలో పెట్టారు?

రెండు చోట్ల: గిట్‌హబ్ వాళ్లదానిలో, క్వే అనే ఇంకో రిజిస్ట్రీలో. ఒకటి చాలదా అంటే చాలదు. మొదట్లో ఒక ఉచిత సర్వీసులో పెట్టాం, దాని పేరెందుకులెండి. కొంతకాలం ఎవరూ పుల్ చేయలేదని (దింపుకోలేదని) మా పాత ఇమేజ్‌లు తీసేసింది. మెయిల్ పంపిందట, అది మేం వాడటం మానేసిన అడ్రసుకి పోయింది. గట్టు మీద ఏడాదిగా ఆడుతున్న వెర్షన్‌లో బగ్ వస్తే, దాన్ని బిల్డ్ చేసిన ఇమేజ్ లేదు. సర్వీసుని ఏం అంటాం, ఊరికే ఇచ్చినవాళ్లు ఊరికే తీసేసుకున్నారు. అప్పటినుంచీ ప్రతి రిలీజ్ ఇమేజ్ ఒక హార్డ్‌డిస్క్‌లో కూడా ఉంటుంది.

డాకర్ వాళ్ల సొంత రిజిస్ట్రీ డాకర్ హబ్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. 2020 నవంబరు నుంచి అక్కడ పుల్స్‌కి లెక్క ఉంది. లాగిన్ కాకుండా అయితే ఒక ఐపీకి ఆరు గంటల్లో 100. వినడానికి ఎక్కువే. కానీ కాలేజీ ల్యాబ్ మొత్తం ఒకే ఐపీ వెనక ఉంటుంది. వర్క్‌షాప్ రోజు అరవై మంది పిల్లలు రెండేసి ఇమేజ్‌లు లాగితే అయిపోయింది. 2023 మార్చిలో ఉచిత టీమ్ ఖాతాలు ఎత్తేస్తామని ప్రకటించి, గోల లేచాక పది రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఎత్తేయలేదు, నిజమే. ఆ పది రోజులు ఎంతమంది ఓపెన్‌సోర్స్ వాళ్లు నిద్రలేకుండా ఇమేజ్‌లు వేరే చోటికి మోసుకున్నారో.

మా ఊళ్లో నెట్ చాలా స్లో. ఇమేజ్ దిగడం లేదు.

పెన్‌డ్రైవ్ ఉంది కదా. దిగిన మెషిన్‌లో డాకర్ సేవ్ కొడితే ఇమేజ్ మొత్తం ఒక టార్ ఫైల్ అవుతుంది. దాన్ని కంప్రెస్ చేసి కాపీ చేసుకోండి, అవతల డాకర్ లోడ్ కొట్టండి. పాడ్‌మ్యాన్‌లోనూ అవే మాటలు. ఫైల్‌తో పాటు దాని షా256 సంఖ్యని కూడా మెసేజ్‌లో పంపండి, ఎందుకంటే లోడ్ చేశాక రిజిస్ట్రీ డైజెస్ట్ చాలాసార్లు కనబడదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. మాది అంతకంటే చిన్నదే. ఒంగోలు పిల్లలకి మొదటి ఇమేజ్ అలాగే చేరింది, పినాకినిలో ఊరికి పోతున్న ఒకాయన జేబులో.

ల్యాబ్‌లకైతే ఇంకో మంచి దారి ఉంది. రిజిస్ట్రీ అనే సాఫ్ట్‌వేరే ఒక కంటైనర్ ఇమేజ్‌గా దొరుకుతుంది. ఒక మెషిన్‌లో దాన్ని ఆడించి, మా ఇమేజ్‌ని అందులోకి ఒక్కసారి పుష్ చేస్తే, మిగిలిన మెషిన్లన్నీ లోకల్ నెట్‌వర్క్‌లోనే లాక్కుంటాయి.

సైజు తగ్గించలేరా?

తగ్గించాం. మొదటిది రెండు జీబీ దాటింది. చివరి లైనులో అనవసరమైనవి తీసేశాం కదా, ఎందుకు తగ్గలేదా అని తల పట్టుకున్నాం. ఇమేజ్ పొరలు పొరలుగా ఉంటుంది, డాకర్‌ఫైల్‌లో ప్రతి రన్ లైనూ ఒక పొర. కింది పొరలో చేరిన ఫైల్‌ని పై పొరలో డిలీట్ చేస్తే, కనబడకుండా పోతుందంతే. బీరువా మీద దుప్పటి కప్పితే గది ఖాళీ కాదు. కాబట్టి ఆప్ట్ అప్‌డేట్, ఇన్‌స్టాల్, జాబితాలు చెరిపేయడం మూడూ ఒకే రన్ లైనులో ఉండాలి. రికమెండ్ చేసిన ప్యాకేజీలు వద్దని చెప్పండి. ఏదైనా లైబ్రరీని సోర్స్ నుంచి కట్టాల్సి వస్తే మల్టీస్టేజ్‌లో వేరే అంకంలో కట్టి, తయారైనది మాత్రం తెచ్చుకోండి.

అంతకు మించి బలవంతంగా తగ్గించకండి. బిల్డ్ ఇమేజ్‌లో జీడీబీ, స్ట్రేస్ లాంటి తప్పులు వెతికే టూల్స్ లేకపోతే ఏదో ఒక రాత్రి తిట్టుకుంటారు.

పాస్‌వర్డ్‌లు, కీలు ఇమేజ్‌లో పెట్టొచ్చా?

పెట్టకూడదు. పై జవాబులోని దుప్పటి సంగతే ఇక్కడ కొంప ముంచుతుంది. మావాడొకడు మెసేజ్ సర్వీసు కీ ఫైల్‌ని కాపీ లైనుతో లోపలికి తెచ్చి, వాడుకుని, తర్వాతి లైనులో డిలీట్ చేశాడు. ఇమేజ్ పుల్ చేసిన ఎవరైనా కింది పొర విప్పితే కీ చేతికొస్తుంది. డాకర్‌ఫైల్‌లోని ఆర్గ్, ఎన్వ్ లైన్లలో రాసినా హిస్టరీ కమాండ్‌లో కనబడుతుంది. అలా జరిగితే ఇమేజ్ డిలీట్ చేయడానికి పరుగెత్తకండి, ముందు ఆ కీని రద్దు చేయండి. ఈలోపు ఎవరు లాగారో మీకు తెలియదు. నిజంగా అవసరమైతే బిల్డ్‌కిట్ సీక్రెట్ మౌంట్ ఉంది, అది ఏ పొరలోనూ మిగలదు.

మీ ఇమేజ్‌ని ఎందుకు నమ్మాలి?

మంచి ప్రశ్న. రొయ్య పిల్ల కొనేటప్పుడు మన రైతులు పీసీఆర్ (రోగాల పరీక్ష) రిపోర్టు చూడకుండా గుంటలో వదలరు. హ్యాచరీ వాళ్లు ఎంత తెలిసినవాళ్లైనా సరే. కంపైలర్ ఉన్న ఇమేజ్‌కి అంతకంటే ఎక్కువ అనుమానం కావాలి. లోపల కంపైలర్ చెడితే దాంతో పుట్టిన ప్రతి బైనరీ చెడుతుంది.

2024 మార్చి చివర్లో బయటపడ్డ ఎక్స్‌జెడ్ (ఫైళ్లు కంప్రెస్ చేసే టూల్) వ్యవహారం గుర్తుందా? 5.6.0, 5.6.1 వెర్షన్ల రిలీజ్ టార్‌బాల్స్‌లో ఎవరో దొంగతలుపు పెట్టారు. అది బిల్డ్ జరిగే సమయంలోనే, డెబ్ గానీ ఆర్‌పీఎం గానీ ప్యాకేజీ కడుతున్నారని చూసుకుని మరీ లోపలికి దూరేది. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్ తవ్వబట్టి దొరికింది. డెబియన్ టెస్టింగ్‌కి చేరింది, స్టేబుల్‌కి చేరలేదు. మా బేస్ స్టేబుల్ కాబట్టి తప్పించుకున్నాం. మా తెలివేమీ లేదు, పాతదాన్ని పట్టుకుని వేలాడినందుకు దక్కిన లాభం.

మేం చేసేవి ఇవి: ఇమేజ్‌ని ఎవరి ల్యాప్‌టాప్ నుంచీ పుష్ చేయం, అందరికీ లాగ్ కనబడే సీఐ నుంచే. కోసైన్ అనే టూల్‌తో ఇమేజ్ మీద డిజిటల్ సంతకం పెడతాం. లోపలున్న ప్రతి ప్యాకేజీ, దాని వెర్షన్ జాబితా రిలీజ్‌తో పాటు ఇస్తాం. నెలకోసారి సెక్యూరిటీ అప్‌డేట్లతో కొత్త ట్యాగ్ తీస్తాం, పాతది అలాగే ఉంచుతాం. ఎవరు కట్టినా బిట్టుకి బిట్టు అదే ఇమేజ్ రావాలనే పట్టుదల ఉన్నవాళ్లకి డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్‌లో కావలసిన తేదీ నాటి ప్యాకేజీలు దొరుకుతాయి, టైమ్‌స్టాంపులకి సోర్స్ డేట్ ఎపాక్ ఉంది. మేం ఇంకా అంతదాకా పోలేదు.

లైసెన్స్ సంగతి?

మా డాకర్‌ఫైల్ ఎంఐటీ లైసెన్స్. ఇమేజ్ లోపలున్న జీసీసీ, బ్యాష్ లాంటివి జీపీఎల్ (బైనరీ పంచితే సోర్స్ కూడా ఇవ్వాలనే లైసెన్స్). ఇమేజ్ పబ్లిష్ చేయడమంటే ఆ బైనరీలు పంచిపెట్టడమే, కాబట్టి సోర్స్ అడిగితే చూపించే బాధ్యత మన మీద ఉంటుంది. ప్యాకేజీల జాబితా ఇవ్వడానికి అదీ ఒక కారణం. జీసీసీతో బిల్డ్ చేసినంత మాత్రాన మీ ప్రోగ్రామ్ జీపీఎల్ అయిపోదు, దానికి రన్‌టైమ్ మినహాయింపు ఉంది. ఇంకొకరికి పంచకూడదనే షరతున్న ఎస్‌డీకేలు (ఒక సిస్టమ్‌కి ప్రోగ్రామ్‌లు కట్టే కిట్లు) మాత్రం పబ్లిక్ ఇమేజ్‌లో పెట్టకండి. మ్యాక్ ఎస్‌డీకే అలాంటిదే. అందుకే మ్యాక్‌కి క్రాస్ కంపైల్ చేసేవాళ్లు, ఎస్‌డీకే మీరే తెచ్చుకోండి అంటారు.

ఇమేజ్ లేకుండా బిల్డ్ చేయకూడదా?

ఎందుకు చేయకూడదు? రీడ్‌మీలో ఆ ఆరు లైన్లు ఇంకా ఉన్నాయి. ఇమేజ్‌లో తప్ప ఇంకెక్కడా బిల్డ్ అవని కోడ్ జబ్బు చేసిన కోడ్. వారానికోసారి సీఐలో మామూలు ఉబుంటు మీద కూడా బిల్డ్ చేసి చూస్తాం. గట్టు మీదికి వెళ్లే బైనరీ మాత్రం ఇమేజ్‌లో కట్టినదే.

మా ప్రాజెక్టుకి మీ ఇమేజ్ వాడుకోవచ్చా?

నిరభ్యంతరంగా. మా దగ్గర్నుంచి నేరుగా లాగకుండా మీ రిజిస్ట్రీలోకి ఒక కాపీ తీసుకోండి, స్కోపియో అనే టూల్ ఆ పని చక్కగా చేస్తుంది. ఇంకో ప్యాకేజీ కావాలంటే మాది ఫ్రమ్ లైనులో పెట్టి పైన మీ పొర వేసుకోండి. మమ్మల్ని చేర్చమంటే చేర్చం, ఇప్పటికే బరువుంది. బుల్స్‌ఐ ఎల్‌టీఎస్ (పొడిగించిన సెక్యూరిటీ అప్‌డేట్ల) గడువు 2026 ఆగస్టు వరకే. ఆ తర్వాత దాని మీద కొత్త ట్యాగ్‌లు తీయం. గట్టు మీది పెట్టెల్ని ఒక్కొక్కటిగా డెబియన్ 12 బుక్‌వార్మ్‌కి మారుస్తున్నాం, అదీ పంట పట్టాక, గుంట ఎండబెట్టినప్పుడే. గుంటలో రొయ్య ఉండగా పెట్టె ముట్టుకోనివ్వరు. పాత ట్యాగ్‌లు రెండు రిజిస్ట్రీల్లోనూ, హార్డ్‌డిస్క్‌లోనూ అలాగే ఉంటాయి. నెల్లూరు వైపు వచ్చేవాళ్లు పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి, 8 జీబీది చాలు.